తొమ్మిదో నంబరు ‘వద్దు’ అన్న వారం

మా ఆయన జీవితంలో ఒక్కసారి కూడా బస్సు కోసం పరుగెత్తి ఎరగరు. బస్సు తన కోసం ఆగాలి, ఆగకపోతే ఇంకో బస్సు రావాలి అన్నది ఆయన సిద్ధాంతం. అటువంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం బ్రిస్బేన్‌లో ఒక గడ్డిగట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చుని, మైదానంలో ఒగరుస్తూ పరుగెత్తే వంద కిలోల మగవాళ్ళను చూసి, “వీడికి బద్ధకం. వీణ్ణి వచ్చే ఏడాదికి ఉంచుకోకూడదు” అని తీర్పులు చెప్పేవారు. చెబుతూ పులిహోర తినేవారు.

ఎనభైలు ముగిసి తొంభైలు మొదలైన రోజులవి. మేముండేది నగరానికి దక్షిణాన, సన్నీబ్యాంక్ అనే పేటకు కారులో పది నిమిషాల దూరంలో. ఆ చుట్టుపక్కల పేటకో రగ్బీ క్లబ్బు ఉండేది. రగ్బీలో రెండు మతాలున్నాయని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఒక మతంలో ఆటగాడికి జీతం ఇవ్వరు, రెండో మతంలో ఇస్తారు. ఒకరి ఆటను ఒకరు ఆటే కాదంటారు. మాది జీతమిచ్చే మతం. అయితే మేం చేరేనాటికే మా క్లబ్బుకు పాడు రోజులు వచ్చేశాయి. నగరమంతటికీ కలిపి కొత్తగా ఒక పెద్ద జట్టు పెట్టారు. పేటల జట్లలో బాగా ఆడేవాళ్ళందరినీ అది ఏరుకుపోయింది. కూరగాయల బండి దగ్గరికి ముందొచ్చినవాళ్ళు బెండకాయల కొసలు విరిచి చూసి లేతవన్నీ పట్టుకుపోయాక ముదురువి మిగులుతాయి చూడండి, అలా మాకు మిగిలినవాళ్ళు మిగిలారు. ఆ ముదురు బెండకాయల్లో వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, కాంట్రాక్టు ఒక ఏడాదికా రెండేళ్ళకా అన్నదే మా గట్టు మీద జరిగే చర్చ. ఆట అనేది ఆ చర్చకు ఒక నేపథ్యం, అంతే.

గట్టు మీద మేం నలుగురం. నేను, మా ఆయన, పక్కింటావిడ, అంకుల్.

పక్కింటావిడది ఆ దేశమే. డెబ్భై దాటిన మనిషి. నలభై ఏళ్ళుగా అదే గట్టు మీద అదే చోట మడత కుర్చీ వేసుకుని కూర్చునేది. మమ్మల్ని మొదటిసారి అక్కడికి తీసుకువెళ్ళింది ఆవిడే. ఇక అంకుల్ తెనాలి వైపు వారు. మాకంటే పదేళ్ళు పెద్ద. ఆదివారం ఉదయం చర్చిలో కీబోర్డు వాయించి, ఆ సూటు మీదే నేరుగా గట్టు మీదకు వచ్చేవారు. వారం రోజులూ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీయడం ఆయన ఉద్యోగం. మా జట్టులో సగం మంది ఎముకలు ఆయన కళ్ళబడినవే. పేషెంటు సంగతులు బయట చెప్పకూడదని ఆయనకు గట్టి పట్టింపు. “వాడి భుజం గురించి నేనేం చెప్పకూడదమ్మా” అనేవారు గంభీరంగా. ఆ మాటతో ఆ భుజానికి కాంట్రాక్టు అక్కర్లేదని మాకందరికీ తెలిసిపోయేది.

నేను చెబుతున్న ఏడాది మా చర్చంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగింది. ఆటలో రెండు జట్లవాళ్ళూ తలలు దూర్చి గుంపుగా తోసుకునేటప్పుడు ఆ గుంపు నడిమధ్య వేలాడుతూ కాలితో బంతిని వెనక్కి లాగేవాడు ఒకడుంటాడు. చొక్కా మీద తొమ్మిది. ఆ స్థానానికి ఇంగ్లీషులో ‘హుకర్’ అని పేరుంది గానీ, దానికింకో పాడు అర్థం ఉంది, అంకుల్ చర్చి నుంచి నేరుగా వస్తారు కనక ఆ మాట నోట పలకరు. అందుకని మాకు అతను తొమ్మిదో నంబరే. ఎనిమిది సీజన్లుగా మా క్లబ్బులోనే ఉన్నాడు. చెవులు రెండూ నలిగి నలిగి ఎండబెట్టిన అల్లం ముక్కల్లా ఉండేవి. వారం రోజులూ ఇళ్ళకు కార్పెట్లు పరిచే పని చేసేవాడు. మా ముందు గదిలో పరిచింది కూడా అతనే. ఆ సీజనుతో అతని కాంట్రాక్టు అయిపోతోంది.

“ముప్పై ఒకటి నిండాయి వాడికి. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఒక వయసొచ్చాక మార్చి తీరాలి. అది ఇంజనీరింగ్,” అన్నారు మా ఆయన. ఆయన కరెంటు ఆఫీసులో ఇంజనీరు.

“మీకు నలభై ఎనిమిది. మిమ్మల్ని ఎప్పుడు మార్చమంటారు?”

“ఆట గురించి మాట్లాడవే.”

“ఆట గురించే. పాతది మారిస్తే కొత్తది ఇంకా బాగుంటుందని గ్యారంటీ ఏమిటి?”

“ఉత్తరాన చెరకు ఊళ్ళల్లో ఎవడో ఇరవై రెండేళ్ళ కుర్రాడున్నాట్ట. పేపర్లో రాశారు. గుర్రంలా ఉంటాట్ట.”

“లాయల్టీ అనేది ఒకటుందా లేదా బ్రదర్?” అన్నారు అంకుల్, ప్యాంటు మడత నలగకుండా కాళ్ళు సర్దుకుంటూ. “ఎయిట్ సీజన్స్ ఒకే చోట ఆడాడయ్యా మనవాడు. సిటీ టీమ్ పిలిచినా పోలా.”

“సిటీ టీమ్ పిలవలేదు అంకుల్,” అన్నాను.

“పిలిస్తే పోయేవాడు కాదంటన్నా!”

“మరి మోకాళ్ళ సంగతో?”

“మోకాళ్ళ గురించి చెప్పడానికి ఏం లేదమ్మా. ఐ మీన్, నిజంగానే ఏం లేదు. ఫస్ట్ క్లాస్.”

“ఇంతకీ నువ్వు ఏ పక్షం?” అన్నారు మా ఆయన.

“మీరు ఏ పక్షం కాదో ఆ పక్షం.”

పక్కింటావిడకు మా తెలుగు ముక్క కూడా అర్థమయ్యేది కాదు. కానీ సరిగ్గా అక్కడ నవ్వేది. నలభై ఏళ్ళు ఒకే గట్టు మీద మొగుడితో వాదించిన మనిషికి భాష ఏమిటన్నది పెద్ద విషయం కాదు.

అసలు కథలోకి వెళ్ళే ముందు టీ సంగతి చెప్పాలి. మాకు ఆ దేశంలో మొదటి దెబ్బ తగిలింది టీ దగ్గరే. కాపురం పెట్టిన వారంలో పక్కింటావిడ మమ్మల్ని ఇంటికి పిలిచింది. కూర్చోగానే టీ తాగుతారా అని అడిగింది. మేం పద్ధతి తెలిసినవాళ్ళం కాబట్టి “అబ్బే, వద్దండి, ఇప్పుడే తాగి వచ్చాం” అన్నాం. తాగి రాలేదు. ఆవిడ మళ్ళీ అడుగుతుంది, అప్పుడు “మీకెందుకు శ్రమ” అనాలి, మూడోసారికి “సరే, సగం కప్పు” అనాలి. ఆవిడ “ఫెయిర్ ఎనఫ్, లవ్” అని తన ఒక్కదానికే కలుపుకుని మా ఎదురుగా కూర్చుని తాగింది. బిస్కట్ల పళ్ళెం కూడా ఒకసారి చూపించి లోపల పెట్టేసింది. గంటన్నర కూర్చున్నాం. ఇంటికొచ్చి ఇద్దరం పోటీపడి నీళ్ళు తాగాం.

నేను వెంటనే బుద్ధి తెచ్చుకున్నాను. మా ఆయన తెచ్చుకోలేదు. ఆఫీసులో పై అధికారి ఒకసారి ఆర్నెల్లు సెలవు మీద వెళుతూ, తన కుర్చీలో కూర్చుంటావా అని ఈయన్ని అడిగాడు. ఈయన మొహమాటపడి “నాకంటే సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు” అన్నారట. ఆ పెద్దమనిషి “ఫెయిర్ ఎనఫ్, మేట్” అని, ఆ సమర్థుల్లో ఒకణ్ణి కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఐదేళ్ళపాటు మా ఇంట్లో ‘ఫెయిర్ ఎనఫ్’ అన్నది ఒక సామెత. వాడింది నేనే. ఆయన ఇంకో గరిటె పప్పు వద్దంటే, “ఫెయిర్ ఎనఫ్” అని గిన్నె తీసేసేదాన్ని.

ఇది గుర్తుంచుకోండి. ఎందుకంటే నేను చేసింది కూడా ఆ పనే, అంతకంటే అన్యాయంగా, నాది కాని జీవితంతో.

ఒక మంగళవారం సాయంత్రం తొమ్మిదో నంబరు మా ఇంటికి వచ్చాడు. పని బట్టల్లోనే ఉన్నాడు, మోకాళ్ళకు రబ్బరు తొడుగులు కూడా విప్పలేదు. చేతిలో కవరు. వచ్చే ఏడాదికి క్లబ్బు ఇస్తానన్న కాంట్రాక్టు అది. పక్కింటావిడ పంపిందట: “ఆవిడ రోజంతా కాంట్రాక్టులే చదువుతుంది, వెళ్ళి చూపించు” అని. అది నిజమే. గుంటూరులో కాలేజీలో ఎకనామిక్స్ చెప్పిన నేను, అక్కడ కౌన్సిల్ ఆఫీసులో కొనుగోళ్ళ విభాగంలో కూర్చుని టెండర్లూ ఒప్పందాలూ చదివేదాన్ని. కామా తప్పయినా పట్టుకుంటానని పేరు. ఆ పేరంటే నాకు ప్రీతి కూడా.

నాలుగు పేజీలు చదివాను. పెన్సిలుతో రెండు చోట్ల గీత పెట్టాను. ఆటలో దెబ్బ తగిలి ఆడలేకపోయిన వారాలకు ఏమీ రాదని ఒకచోట ఉంది. క్లబ్బు తనకు తోచినప్పుడు అతన్ని రెండో జట్టుకు దించవచ్చని ఇంకోచోట ఉంది.

“మోకాళ్ళ మీద బతికేవాడివి. దెబ్బ తగిలితే కార్పెట్ల పని కూడా పోతుంది. ఈ మొదటిది మార్పించాలి,” అన్నాను.

“మారిస్తే మంచిదే. మార్చకపోయినా నేను సంతకం పెట్టేస్తాను,” అన్నాడు.

“ఎందుకు?”

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. వాళ్ళ నాన్న ఆ క్లబ్బులోనే ఆడాడట. భార్యను మొదట చూసింది మేం కూర్చునే గట్టు మీదేనట. అవన్నీ చెప్పి, చివరికి అసలు సంగతి చెప్పాడు. “మా పాపకు నాలుగేళ్ళు. ఈ ఏడాదే అంకెలు వచ్చాయి. చొక్కా మీద తొమ్మిది చూసి ‘అదిగో నాన్న’ అంటోంది. ఇంకో ఏడాది ఆడితే పెద్దయ్యాక తనకు గుర్తుంటుంది. ఇప్పుడే మానేస్తే గుర్తుండదు. అంతే. జీతం బదులు తినడానికో మీట్-పై పెట్టినా ఆడతాను.”

“ఆ మాట మాత్రం వాళ్ళ ముందు అనకు,” అన్నాను.

అక్కడితో ఆపేయాల్సింది. ఆపితే నేనెందుకవుతాను?

“చూడు, మొదటిసారి అడగ్గానే ఎవరూ సరేననరు. అంటే చులకనైపోతావు. నువ్వు వెళ్ళి, వద్దండీ, ఈ ఏడాదికి చాలు అను. వాళ్ళు మళ్ళీ వస్తారు. రెండోసారి కూడా వద్దను, కానీ కొంచెం మెత్తగా. మూడోసారి ఈ రెండు గీతల సంగతి చెప్పి, అవి మారిస్తే చూద్దాంలే అను.”

“మూడుసార్లా?”

“మూడుసార్లు.”

గుంటూరులో నన్ను హాస్టల్ వార్డెన్‌గా ఉండమని మా ప్రిన్సిపాల్‌గారు మొదటిసారి అడిగినప్పుడు వద్దన్నాను. వారం తర్వాత మళ్ళీ అడిగితే ఇంట్లో కనుక్కోవాలన్నాను. మూడోసారి ఆయన కాఫీ తెప్పించి అడిగారు. అప్పుడు ఒప్పుకున్నాను. మొదటిసారే ఒప్పుకుని ఉంటే ‘ఈవిడ కాచుకుని కూర్చుంది’ అనేవారు. ఇది బేరమాడే శాస్త్రమని, లోకమంతటా ఇంతేనని నాకు గట్టి నమ్మకం. టీ దగ్గర తెచ్చుకున్న బుద్ధి టీ వరకే పనికొచ్చింది.

వంటింటి గుమ్మంలో మా ఆయన దగ్గారు. అది జలుబు దగ్గు కాదని నాకు తెలుసు. పట్టించుకోలేదు.

తొమ్మిదో నంబరు ఎనిమిదేళ్ళుగా కోచ్ చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి. మర్నాడే వెళ్ళి, నేను చెప్పినట్టే చెప్పి వచ్చాడు.

ఆ ఆదివారం మేం గట్టెక్కేసరికి పక్కింటావిడ కుర్చీలో లేదు. నిలబడి ఉంది. “విన్నారా? తొమ్మిదో నంబరు వద్దన్నాడట. క్లబ్బు సెక్రటరీ ఉత్తరాదికి ఫోను కూడా చేసేశాడట, ఆ కుర్రాడి కోసం,” అంది. తనే పంపింది కదా నా దగ్గరికి. అయినా నా వంక అడిగినట్టు చూడలేదు. కాంట్రాక్టులో ఏదో ఘోరం కనిపెట్టి ఉంటాననే అనుకుంది పాపం. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది.

గట్టంతా ఒకటే గోల. వెనక వరసలో ఒకాయన, “పెద్ద ఆఫర్ ఏదో తగిలుంటుంది, అందుకే బెట్టు” అన్నాడు. ఇంకొకాయన, పాపం అంతకుముందు వారమే అతని కోసం గొంతు చించుకున్నవాడు, “పోతే పోనీ” అన్నాడు.

అంకుల్ మాత్రం నిజంగా నొచ్చుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఐ కాంట్ బిలీవ్ ఇట్ అమ్మా. ఆ మనిషి నోట్లోంచి వద్దు అనే మాట ఎట్టా వచ్చిందంటావ్?” అన్నారు.

ఎట్టా వచ్చిందో చెప్పగల మనిషి ఆయనకు మూరెడు దూరంలో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఏమే, గొంతు నొప్పా?” అన్నారు మా ఆయన. ఆట మొదలై ఇరవై నిమిషాలైనా నేను ఒక్క మాట కూడా అనలేదు మరి. ఇరవై రెండేళ్ళ కాపురంలో అది రికార్డు.

మైదానంలో బంతి తొమ్మిదో నంబరు చేతిలోకి వచ్చినప్పుడు మా గట్టు మీద నుంచే ఎవరో “బూ” అన్నారు. ఒకరితో మొదలై పదిమంది అన్నారు. అతను ఒక్క క్షణం తల తిప్పి చూశాడు. ఆటలో తల తిప్పకూడదు. తిప్పాడు, బంతి జారవిడిచాడు. అవతల కంచె దగ్గర వాళ్ళావిడ పాపను భుజం మీద కూర్చోబెట్టుకుని ఉంది. పాప చప్పట్లు కొడుతూనే ఉంది. ఆ పిల్లకు బూ అంటే కూడా సంబరమే.

ఆట అయ్యాక అతను కంచె దాకా వచ్చాడు. చెమట, మట్టి, పెదవి మీద కాస్త నెత్తురు. నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ వినపడకుండా, పాఠం అర్థంకాని విద్యార్థిలా అడిగాడు:

“వాళ్ళు ఇంకా మళ్ళీ అడగలేదు. మామూలుగా ఎన్నాళ్ళు పడుతుంది?”

నేను దుప్పటి మడతపెట్టడానికి వెళ్ళిపోయాను.

ఇంటికొచ్చాక మా ఆయన దెప్పుతారని ఎదురుచూశాను. దెప్పలేదు. ఐదేళ్ళ బాకీ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి రోజు ఆయనకు రాదు. అయినా కాఫీ కలిపి, కావాలా అని అడగకుండా, తెచ్చి నా ముందు పెట్టారు. మా ఇళ్ళల్లో అడగడం రెండు రకాలు. అడిగి రెండుసార్లు వద్దనిపించుకోవడం ఒకటి, అడక్కుండా తెచ్చి పెట్టడం ఇంకొకటి. ఈ రెండో రకం తెలిసిన మనిషి ఇంట్లో ఉండబట్టే, మొదటి రకం ఎక్కడ చెల్లదో నేను మరిచిపోయాను కాబోలు.

“రేపు సెక్రటరీ దగ్గరికి వెళతాను,” అన్నాను.

“నేనూ రానా?”

“వద్దు.”

“ఫెయిర్ ఎనఫ్,” అన్నారు. ఆ రెండు మాటలూ ఐదేళ్ళుగా ఆయన నోట్లో నానుతున్నట్టున్నాయి, ఎంతో రుచిగా అన్నారు.

క్లబ్బు ఆఫీసంటే స్టాండు కింద మెట్ల వారన ఒక చిన్న గది. తడి తువ్వాళ్ళ వాసన. సెక్రటరీ పోస్టాఫీసులో రిటైరైన మనిషి. ప్రతి కాగితానికీ గుండుసూది గుచ్చి, ఆ సూది కొస కాగితంలోకి తిప్పి దాచేవాడు, ఎవరికీ గుచ్చుకోకుండా. మర్నాడు ఆఫీసు వదలగానే అక్కడికి వెళ్ళాను. తప్పు ఒప్పుకోవడానికే వెళ్ళాను. కానీ ఆ గదిలో కూర్చోగానే నోరు దాని అలవాటు కొద్దీ అది వెళ్ళిపోయింది.

“తొమ్మిదో నంబరును మీరు మళ్ళీ ఎందుకు అడగలేదు?” అన్నాను.

“అడిగాను. వద్దన్నాడు.”

“ఎన్నిసార్లు అడిగారు?”

“ఒకసారి.”

“ఒకసారేనా? ఎనిమిదేళ్ళు ఆడినవాణ్ణి ఒక్కసారి అడిగి వదిలేస్తారా?”

ఆయన గుండుసూదుల డబ్బా పక్కకు జరిపి నన్ను చూశాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. “అమ్మా, ఎదిగిన మనిషి వద్దంటే వద్దనేగా? మళ్ళీ మళ్ళీ అడిగితే అతన్ని అవమానించినట్టు కాదా? నాకూ బాధగానే ఉంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. కానీ ఏదో కారణం ఉండే ఉంటుంది, గౌరవించాలి అనుకున్నాను.”

గౌరవించాలి అనుకున్నాడు! మేం గౌరవం కొద్దీ మూడుసార్లు అడుగుతాం. ఆయన అదే గౌరవం కొద్దీ రెండోసారి అడగలేదు. నా దగ్గర ఇక వాదన లేదు. వాదన లేని చోట కూర్చోవడం నాకు అలవాటు లేదు. గోడకున్న పాత జట్ల ఫొటోలు చూస్తూ అంతా చెప్పేశాను. వద్దనమన్నది నేనేనని, అతనికి ఉండాలనే ఉందని, మా వైపు మొదటి ‘వద్దు’కు అర్థం ‘ఇంకోసారి అడగండి’ అని, టీ సంగతితో సహా.

ఆయన గుండుసూదుల డబ్బా మూత పెట్టాడు. “అయితే అతనికి ఏం కావాలి?” అన్నాడు చివరికి.

రెండు గీతల సంగతి చెప్పాను. ఆయన కాగితం తీసి చూశాడు. “దెబ్బల విషయం న్యాయమే. పాత కాంట్రాక్టు చూసి టైపు చేయించాం, ఎవరూ గమనించలేదు. అడిగి ఉంటే అప్పుడే మార్చేవాడిని.”

“మొదటిసారే?”

“మొదటిసారే.”

నన్ను పొడవడానికి ఆయనకు గుండుసూది అక్కర్లేకపోయింది.

తర్వాతిది ఇంకా కష్టమైన మాట. ఉత్తరాది కుర్రాడికి ఆయన శనివారం ఫోన్లో మాట ఇచ్చేశాడు. మాట వెనక్కి తీసుకోడు. నేను తీసుకోమనీ అనలేదు. అంత సిగ్గు నాకూ ఉంది. మొదటి జట్టులో ఆ స్థానం పోయింది. మిగిలింది రెండో జట్టు. దానికి కెప్టెన్, ఒక ఏడాది. దెబ్బల నియమం మార్చి ఇస్తాడు. రెండో జట్టుకు దించవచ్చన్న నియమం మాత్రం కొట్టేయనక్కర్లేదు, ముందే దించేశాం కదా అన్నాడు. ఆయన హాస్యానికి అనలేదు. అందుకే నవ్వు వచ్చింది, నవ్వలేకపోయాను.

ఆ గదిలోంచే తొమ్మిదో నంబరుకు ఫోను చేశాను. రెండో జట్టు అని, మధ్యాహ్నం ఆట కాదు పొద్దున పదకొండు గంటల ఆట అని, గట్టు మీద నలభై మంది కూడా ఉండరని, ఇదంతా నా వల్లేనని వరసగా చెబుతున్నాను. సగంలోనే “సరే” అన్నాడు.

“పూర్తిగా విను.”

“సరే అన్నానుగా. చొక్కా నంబరు ఎంత?”

సెక్రటరీని అడిగాను. రెండో జట్టులోనూ ఆ స్థానానికి అదే నంబరు.

“తొమ్మిదే,” అన్నాను.

“అయితే పాపకు తేడా తెలియదు,” అన్నాడు. మళ్ళీ తనే, “నాకు తెలుస్తుందనుకోండి,” అన్నాడు.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర మా కారు ఉంది. ఫెయిర్ ఎనఫ్ అన్న మనిషి లోపల కూర్చుని పేపరు చదువుతున్నారు. రావద్దన్నాను కదా అంటే, “ఒకసారేగా అన్నావు” అన్నారు.

అంకుల్‌కు నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. సూటు జేబులో చేతులు పెట్టుకుని, “మరి నేను కూడా అట్టాగే చెప్పేవాణ్ణేమో అమ్మా. మనోళ్ళం కదా,” అన్నారు. పక్కింటావిడకు చెబితే ఆవిడ నవ్వలేదు. “ఆ రోజు టీ మీకు కావాల్సిందన్నమాట,” అంది. ఇన్నేళ్ళ తర్వాత ఆవిడకు ఆ విషయం తెలిసింది. ఆనాటి నుంచి మేం గుమ్మంలో అడుగు పెట్టగానే కెటిల్ పెట్టేసేది, అడగడం మానేసింది.

ఆ మరుసటి ఏడాదంతా మేం పదకొండు గంటల ఆటకు వెళ్ళాం. అంకుల్ చర్చిలో ఆఖరి పాట వాయించి ఇంటర్వెల్‌కు చేరుకునేవారు. నీడ లేదు, మనుషులు లేరు, మైకు కూడా ఉండేది కాదు. అరిస్తే మా నలుగురి అరుపే మాకు వినబడేది. మధ్యాహ్నం పెద్ద ఆటలో ఉత్తరాది కుర్రాడు నిజంగానే గుర్రంలా ఆడాడు. “చూశావా” అన్నారు మా ఆయన. “చూశాను. రెండేళ్ళలో సిటీ జట్టు ఎత్తుకుపోతుంది” అన్నాను. ఎత్తుకుపోయింది కూడా, కానీ ఆ గొప్ప చెప్పుకోవడానికి నాకిప్పుడు అంత హక్కు లేదు.

ఆ సీజను ఆఖరి ఆట అయ్యాక తొమ్మిదో నంబరు కంచె దగ్గరికి వచ్చాడు. పాప అతని మెడ మీద ఉంది, అప్పటికి ఐదేళ్ళు. రెండు చేతుల్తో తండ్రి అల్లం చెవులు పట్టుకుని కూర్చుంది. అందరి చేతులూ కలిపాడు. అంకుల్ అతని మోకాళ్ళ వంక ఒకసారి తృప్తిగా చూసుకున్నారు. ఏం మాట్లాడాలో తెలియక నేను పులిహోర డబ్బా మూత తీసి చాపాను.

“నో థాంక్స్,” అన్నాడు.

నేను నేర్చుకున్నదాన్ని కదా. మంచి పౌరురాలిలా “ఫెయిర్ ఎనఫ్” అని డబ్బా మూత పెట్టేశాను.

అతను కదల్లేదు. మొహంలో నవ్వు జాడ లేకుండా, చేతులు కట్టుకుని, అలాగే నిలబడ్డాడు.

“మళ్ళీ అడగడానికి, మామూలుగా ఎన్నాళ్ళు పడుతుంది?” అన్నాడు.